నలభై మైక్రోసెకన్లు

క్లాక్స్‌విక్ రేవులో ఫిబ్రవరి.
మధ్యాహ్నం మూడింటికే దీపాలు.
యాల్మార్ తన పడవలోంచి ఊడదీసిన పెట్టెను
చచ్చిన కాడ్ చేపలా నా బల్ల మీద పడేశాడు.
"లోతు చూపించట్లేదు," అన్నాడు.
అంతే అన్నాడు.

తప్పు పెట్టెది కాదు.
పోయిన వారం అతని మేనల్లుడు కొత్త సిస్టమ్ ఎక్కించాడు.
కొత్త కెర్నెల్‌కి పాత సోనార్ కార్డు గుర్తు లేదు.
వాడేవాళ్లు లేరని, చూసుకునేవాళ్లు అసలే లేరని
మూడు కూర్పుల కిందటే దాని డ్రైవర్‌ని తీసేశారు.
కొత్త సోనార్ కొనుక్కోమన్నాను. ధర చెప్పాను.
అతను కిటికీలోంచి బయటికి చూశాడు.
వాన అడ్డంగా కురుస్తోంది.

సరే, సోర్సు నుంచే కట్టుకుందాం.

ప్యాకేజీ దిగింది. మూట విప్పితే
వేలకు వేలు ఫైళ్లు,
నేనెన్నడూ ముట్టుకోని యంత్రాలతో
ఎలా మాట్లాడాలో చెప్పే మర్యాదలు.
వాటి మీద ఎవరెవరో వేసిన అతుకులు,
ఒక్కో అతుక్కీ ఒక సంజాయిషీ.

చేట పట్టుకుని కూర్చున్నాను.
అవును. కాదు. అడిగినప్పుడు మాత్రం.
టీవీ ట్యూనర్లు, కాదు.
జాయ్‌స్టిక్కులు, కాదు.
నూట ఇరవై ఎనిమిది ప్రాసెసర్లా?
అయ్యా, ఇది పడవ.
రేడియో దగ్గర చెయ్యి ఆగింది.
గాలి తిరిగిన రాత్రి ఎవరికి ఏది పనికొస్తుందో,
ఉండనీ, అడిగినప్పుడు మాత్రం.
వెయ్యి ప్రశ్నలు అడిగింది గానీ
సముద్రం ఊసే ఎత్తలేదు.

పాత కూర్పులోంచి డ్రైవర్‌ని తవ్వి తీశాను.
ఆరువందల పన్నెండు వరుసలు.
నెత్తిన ఒక సంతకం: మిరెక్ హ., గ్దీన్యా, 1998 చలికాలం.
నాలుగువందల మూడో వరుస పక్కన
ఒక చిన్న గమనిక:
"ఇక్కడ నలభై మైక్రోసెకన్లు ఆగాలి.
ఎందుకో తెలియదు."

నాకు నవ్వొచ్చింది. తీసేశాను.

రాత్రంతా ఉడికింది.
ఫ్యాను హోరుకి గాజు గ్లాసు బల్ల మీద నడిచింది.
ఒంటిగంటకి ఏదో లైబ్రరీ లేదని ఆగింది,
పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే
ఉప్పుకి పక్కింటికి పరిగెత్తినట్టు
దాన్నీ తెచ్చిపోశాను.
మూడింటికి మళ్లీ ఆగింది.
మిరెక్ పిలిచిన పేర్లకి ఇప్పుడెవరూ పలకడం లేదు.
పదకొండు పేర్లు మార్చాను, ఒకదానికి
ఇవ్వాల్సినవి రెండు ఎక్కువయ్యాయి.

మొదటిది లేవనే లేదు.
నల్లటి తెర, తెల్లటి కేక:
డిస్కు దొరకట్లేదట.
చెరుగుతూ చెరుగుతూ పొట్టుతో పాటు
గింజనే ఊదేశాను.
పాత కెర్నెల్ మాత్రం జాబితాలో రెండో వరుసలో
అలగకుండా కూర్చునుంది.
దాని భుజం పట్టుకుని మళ్లీ లోపలికొచ్చాను.

రెండోది లేచింది. అన్నీ చూసింది, అన్నీ చెప్పింది.
కార్డు ఒక్కటే నోరు విప్పలేదు.
తీగలు మార్చాను, తిట్టాను, టీ కాచుకున్నాను.
తెల్లారబోతుంటే, సిగ్గుపడుతూ,
ఆ నలభైనీ తెచ్చి వాటి చోట పెట్టాను.

పలికింది.

గ్దీన్యాకి రాసిన మెయిల్
అలాంటివారు ఇక్కడ లేరని తిరిగొచ్చింది.
నాలుగువందల మూడో వరుస పక్కన
అతని మాట కింద ఇంకో మాట చేర్చాను:
"తీసి చూశాను. నాకూ తెలియదు. క్లాక్స్‌విక్."
కెర్నెల్ పేరు చివర ఒక గీత గీసి
పడవ పేరు తగిలించాను: రీతన్-3.

రేవులో కట్టుమీదే పడవ ఊగుతుంటే
తెర మీద పచ్చటి గీత వణికింది,
తొమ్మిది మీటర్లు, తొమ్మిదిన్నర, తొమ్మిది.
యాల్మార్ చూశాడు. తాడుకి రాయి కట్టి దింపాడు,
మూరలు లెక్కపెట్టాడు, తలూపాడు.
"ఎన్నాళ్లుంటుంది?"
"మీ మేనల్లుణ్ని ముట్టుకోనివ్వనన్నాళ్లు."

ఎండిన గొర్రెమాంసం ముక్క ఒకటి
కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు.
ఇంజను తిప్పబోతూ, తాళంచెవి మీద చెయ్యి వేసి
కాసేపు ఆగాడు.
ఎందుకో తెలియదు.